నీడను మింగే సుందరీకరణ

అఫ్జల్‌గంజ్ బస్సుల రొద దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో అడుగుపెడితే ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. వేల ప్రాణాలు తీసిన ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య పథకం మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇంత కథ ఉన్న నీడ నగరం నడిబొడ్డునే ఉంది, టికెట్టు లేదు.

ఇలాంటి చోట్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. బెంగ వాటి బాగోగులు చూస్తామని వచ్చేవారితోనే. నిధులు మంజూరైతే ముందు దిగేది సిమెంటు బస్తా. చెట్టు మొదలు చుట్టూ అరుగు కడతారు, టైల్స్ అతికిస్తారు, మిగిలిన మట్టిని మొదట్లోనే ఎగదోస్తారు. వాన నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు, మన్ను కప్పిన బెరడు కుళ్లుతుంది. పునాది కోసం వేళ్లు నరికితే పెద్ద గాలివానకు చెట్టు కూలుతుంది. నింద మాత్రం గాలి మీదకు పోతుంది. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులను ఆదేశించింది. మర్రికి, చింతకు నిజానికి ఆ మీటరూ చాలదు. నీరు తాగే సన్నవేళ్లు కొమ్మల అంచును దాటి పాకుతాయి. కూర్చోవడానికే అయితే దూరంగా నాలుగు రాతి బల్లలు వేయవచ్చు.

పాత గోడలదీ ఇదే గోస. సున్నపు గోడలోని చెమ్మ పూత గుండా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, లవణాలు పేరుకుంటాయి, కొన్నేళ్లకు పెచ్చు ఊడుతూ పాత సున్నాన్నీ లాక్కుపోతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో ఇలాంటి పాత మరమ్మతుల సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం వాడాల్సి వచ్చింది. అక్కడే వానలకు గోడ కూలిన బడీ బావ్లీ అనే మెట్లబావిని తిరిగి కట్టి, నీటిని తోటకు మళ్లించారు. ఆ గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం దక్కింది.

చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట బావి కూడా అదే ఏడాది డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. మరికొన్నింటికీ ఆ యోగం పట్టాలని కోరుకుంటూనే ఒక హెచ్చరిక: బావి పనిలో తొందర పనికిరాదు. మోటార్లు పెట్టి నీటిని ఒక్కసారిగా తోడేస్తే, గోడ వెనక నానిన మన్ను ఒత్తిడికి రాళ్లు లోపలికి జారతాయి. జేసీబీని అంచున నిలబెట్టినా అదే ప్రమాదం. కొంత తోడి, ఆగి, గోడ చూసుకుని, పూడికను పైనుంచి పొరలుపొరలుగా తీయాలి. అంతకన్నా ముందు చుట్టుపక్కల మురుగు పైపుల లీకేజీలు వెతకాలి. లేకుంటే శుభ్రమైన బావిలో మొదట ఊరేది ఆ మురుగే.

ఇక చరిత్ర చెప్పే బోర్డు. తెలుగులో, ఉర్దూలో నాలుగు వాక్యాలు, ఒక తేదీ, గేటు తెరిచే వేళలు చాలు. దాన్ని చెట్టుకు మేకు దిగ్గొట్టకుండా, పక్కన రాటకు బిగిస్తే మరీ మంచిది.