కాన్ లెక్కను కాదన్నది ఏ ఆధారంతో?

1954లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి వచ్చిన 34 ఏళ్ల మహిళకు ఏడేళ్లుగా ఉండుండి కండరాలు పట్టు తప్పేవి, కాళ్లు చచ్చుబడేవి. రక్తపోటు ఎక్కువ, రక్తంలో పొటాషియం బాగా తక్కువ. డాక్టర్ జెరోమ్ కాన్ ఆమెను 227 రోజులు పరిశీలనలో ఉంచి, ఒంట్లోకి వెళ్లిన ఉప్పెంత, బయటికి పోయినదెంత అని లెక్కగట్టి, సోడియాన్ని పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్ మితిమీరి ఊరుతోందని తేల్చారు. ఆ హార్మోన్, అంటే ఆల్డోస్టిరోన్, వేరుచేయబడి అప్పటికి ఏడాదే అయింది. రెండు అడ్రినల్ గ్రంథులనూ తీసేయవలసి వస్తుందనుకుంటూ డిసెంబరులో శస్త్రచికిత్సకు దిగితే, కుడి గ్రంథిలో 4 సెంటీమీటర్ల కణితి కనబడింది. అదొక్కటీ తీసేయడంతో ఆమె కోలుకుంది.

దీన్ని అదృష్టవశాత్తూ ఎదురైన రోగి కథగా చెప్పుకోవడం కాన్‌కు అన్యాయం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఉక్కపోత ప్రాంతాలకు వెళ్లే సైనికుల శరీరం ఎండకు ఎలా అలవాటుపడుతుందో ఆయన పరిశోధించారు. కొద్ది రోజుల్లోనే చెమటలో ఉప్పు తగ్గిపోవడం గమనించి, దాని వెనుక అడ్రినల్ గ్రంథి ఉందని ఊహించారు. ఈ రోగి చెమటలోనూ ఉప్పు అసాధారణంగా తక్కువే. మరొకరు పట్టించుకోకుండా వదిలేసే ఆ అంకె, పదేళ్లుగా అదే పనిలో ఉన్న మనిషికి అర్థమైంది.

ఆ తర్వాతి ఘట్టమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. కారణం తెలియని రక్తపోటుగా లెక్కిస్తున్న వారిలో 20 శాతం దాకా ఆల్డోస్టిరోన్ మితిమీరే ఈ జబ్బు ఉండవచ్చనీ, పొటాషియం మామూలుగా ఉన్నవారిలోనూ ఉంటుందనీ కాన్ 1960ల్లో వాదించారు. తోటి పరిశోధకుల్లో చాలామంది అది అతిశయోక్తి అన్నారు. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు ఒక శాతం లోపేనని బోధించాయి. ఆ ఒక శాతం ఎక్కడిది? పొటాషియం తగ్గినవారినే పరీక్షించగా వచ్చినది. తగ్గనివారికి పరీక్షే చేయలేదు కాబట్టి వారిలో జబ్బు కనబడలేదు. కనబడలేదు కాబట్టి పరీక్ష అక్కర్లేదన్నారు.

ఆల్డోస్టిరోన్ ఎక్కువైనప్పుడు మూత్రపిండాలు స్రవించే రెనిన్ అనే ఎంజైమ్ అణగిపోతుంది. ఈ రెంటి నిష్పత్తిని రక్తంలో చూసే పద్ధతి 1980ల్లో వచ్చింది. 1990ల్లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రిచర్డ్ గోర్డన్ బృందం పొటాషియంతో నిమిత్తం లేకుండా పరీక్షించడంతో లెక్క తారుమారైంది. రక్తపోటు రోగుల్లో 5 నుంచి 10 శాతం మందికి, మందులకు లొంగని రక్తపోటు ఉన్నవారిలో అంతకు మించి, ఈ జబ్బు ఉందని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. కాన్ చెప్పిన 20 శాతమే సరైనదని నేను అనను. ఏ స్థాయిని జబ్బుగా లెక్కిస్తామన్న దాన్నిబట్టి శాతం మారుతుంది. కానీ ఆయనను కాదన్నవారి దగ్గర ఆయన పాటి ఆధారం కూడా లేదన్నది నిజం.

ఇది కేవలం పాత వివాదం కాదు. రక్తపోటు సమానంగా ఉన్నా, ఆల్డోస్టిరోన్ ఎక్కువైనవారికి పక్షవాతం, గుండె లయ తప్పడం వంటి ముప్పు అధికం. వారిలో కొందరికి శస్త్రచికిత్స, మిగిలినవారికి 1950ల చివరి నుంచే వాడుకలో ఉన్న స్పైరోనోలాక్టోన్ వంటి, ఆ హార్మోన్‌ను అడ్డుకునే మందులు నేరుగా పనిచేస్తాయి. రక్తపోటు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలని అమెరికాకు చెందిన హార్మోన్ నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. కాన్ 1994లోనే కన్నుమూశారు.