మాయకైనా ఓ లెక్క ఉండాలిగా!

'నాగిన్' సీరియల్లో ఆడపిల్ల పాముగా మారడం మీద మాకు పేచీ ఏమీ లేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడి పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకునే ఊళ్లలో పెరిగినవాళ్లం, ఆ మాత్రం నమ్మలేమా? మా పేచీ అంతా ఆ పాము బుర్ర గురించే.

2015 నవంబరులో కలర్స్ ఛానల్లో ఏక్తా కపూర్ సంస్థ మొదలుపెట్టిన ఈ హిందీ సీరియల్ తర్వాత తెలుగు డబ్బింగులో మన ఇళ్లలోకీ వచ్చింది. మౌనీ రాయ్ వేసిన శివన్య, తల్లిదండ్రులను చంపినవాళ్ల మీద పగతో వాళ్లింటి కొడుకు రితిక్‌ను పెళ్లాడి ఆ ఇంట్లో కాలు పెడుతుంది. కోరిన రూపం ఎత్తగలదు, కాటేస్తే మనిషి మిగలడు. ఇంత శక్తి ఉన్నావిడ శత్రువుల గుట్టు తెలుసుకోవాలంటే ఏం చేస్తుంది? తలుపు చాటున నిలబడి చెవి ఒగ్గి వింటుంది! పిల్లపాములా మంచం కింద దూరితే అయిపోయేదానికి ధగధగలాడే చీర, నిండుగా గాజులు, మెడలో నగలతో స్తంభం వెనక దాక్కోవడం, అది కూడా ఎవరికీ కనబడకపోవడం... పాము కంటే ఇదే పెద్ద మహిమ.

ఇంకా కోపం తెప్పించేది తోటి నాగిని శేష విషయం. మొదటి సీజన్లో చాలాకాలం శివన్యకు కుడి భుజంలా ఉన్న మనిషి. మౌనీ రాయ్‌కి దీటుగా అదా ఖాన్ నిలబెట్టిన పాత్ర. రితిక్ మీద మనసు పడిందన్న ఒక్క సాకుతో ఆమెను తీసుకెళ్లి విలన్ల గుంపులో పడేశారు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక మగాణ్ణి పెడితే చాలు, కథ దానంతట అదే నడుస్తుందనుకునే పాత బద్ధకం ఇది. 'మయూరి'లో కృత్రిమ కాలితో నాట్యం చేసి మన చేత కంటతడి పెట్టించిన సుధా చంద్రన్ విలన్ యామినిగా దొరికినా, ఆవిడకు మాటల కంటే మూడేసి సార్లు జూమ్ చేసే క్లోజప్పులే ఎక్కువ మిగిల్చారు.

మన బాలనాగమ్మ కథ చూడండి. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్నారు. అంటే అంతే, చిలకను పట్టుకుంటే తప్ప వాడు చావడు. పిల్లవాడు బాలవర్ధిరాజు అంత దూరం వెళ్లాల్సిందే. కథ చెప్పేవాడు మధ్యలో మాట మార్చలేదు కాబట్టే జనం తెల్లవార్లూ కూర్చుని విన్నారు. ఇక్కడ నాగిని శక్తులు కరెంటు లాంటివి, కథకు అడ్డమైన రోజు పోతాయి, ఎపిసోడ్ చివర్లో వస్తాయి. రెండో సీజన్లో శివన్యనే చంపేసి, అదే ముఖాన్ని కూతురు శివాంగికి తగిలించి, మళ్లీ పగ మొదటి నుంచి మొదలెట్టారు. దాన్ని కూడా సీరియల్ కదా అని సరిపెట్టుకున్నాం.

2022 ఫిబ్రవరిలో మొదలైన ఆరో సీజన్‌తో మాత్రం సరిపెట్టుకోలేకపోయాం. అందులో మహమ్మారి పొరుగుదేశం కుట్ర, దేశాన్ని కాపాడటానికి నాగిని దిగింది. అంతకు ముందు ఏడాదే కదా, ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం, ఒక్క బెడ్ కోసం జనం అర్ధరాత్రి ఫోన్లు పట్టుకుని తెలిసినవాళ్లందరినీ బతిమాలింది! ఆ గాయం పచ్చి ఆరకముందే, కుట్రదారులను కాటేస్తే రోగం తీరినట్టు చూపించడానికి చేతులెలా వచ్చాయో మాకు అర్థం కాదు. దెయ్యాల కథైనా, పాముల కథైనా నిజమైన చావుల జోలికి వచ్చేటప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

వచ్చే సీజన్ రాసేవాళ్లు ముందుగా ఒక తెల్ల కాగితం మీద నాగినికి ఏమేం చేతకావో రాసి గోడకు అంటించుకుంటే బాగుంటుంది. చాటుగా వినడానికి వెళ్లేటప్పుడు గాజులు తీసేయాలని కూడా అందులోనే రాసుకోవచ్చు.