ఆఖరిదని అమ్మి మళ్లీ ఒకటో నంబరా?

అమెరికా కామిక్ హీరో స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకుండే పీటర్ పార్కర్ తిరిగొచ్చాడు. 2014 ఏప్రిల్‌లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ కామిక్ పత్రిక ఒకటో సంచిక వస్తుందని దాన్ని ప్రచురించే మార్వెల్ సంస్థ ఆ ఏడు జనవరిలో ప్రకటించింది. అభిమానులకు ఇది పండగ కబురే. కానీ 2012 డిసెంబర్ 26న ఇదే సంస్థ, ఇదే పత్రిక 700వ సంచికను ‘ఇదే ఆఖరిది’ అని ఊరంతా చాటి 7.99 డాలర్లకు అమ్మింది. పేజీలు ఎక్కువే వేశారు, కాదనం. కానీ మామూలు సంచికకు రెట్టింపు ధర పెట్టి జనం కొన్నది పేజీల కోసం కాదు. 1963లో మొదలైన పత్రిక ఇక రాదన్న మాట నమ్మి కొన్నారు. ఆ మాటకు పదహారు నెలలకే కాలం చెల్లింది.

కథ మీద మాకు ఫిర్యాదు లేదు. డాక్టర్ ఆక్టోపస్ అనే శత్రువు తన చావుబతుకుల శరీరంలోకి పీటర్‌ను నెట్టి, తాను పీటర్ శరీరంలోకి దూరతాడు. 700వ సంచికలో పోయే ముందు పీటర్ తన జ్ఞాపకాలన్నీ శత్రువు మనసులోకి పంపుతాడు. పీటర్‌ను పెంచిన బెన్ మామయ్య చావు, ఆ రోజు మొదలైన అపరాధభావం, అన్నీ అవతలివాడు అనుభవించాల్సి వస్తుంది. ప్రాణం తీసినవాడే స్పైడర్‌మ్యాన్ బాధ్యత నెత్తికెత్తుకుంటానని మాటిస్తాడు. ధైర్యమున్న రచన అది. ముగింపు ముందే బయటికి పొక్కాక, అది నచ్చక రచయిత డాన్ స్లాట్‌ను చంపుతామని బెదిరించినవాళ్లకు సిగ్గుండాలి. మా కోపం రచయిత మీద కాదు, ఆ కథకు ‘ఆఖరి సంచిక’ అని ముద్ర కొట్టి అమ్మినవాళ్ల మీద.

సూపర్‌హీరో కథల్లో పోయినవాళ్లు తిరిగిరావడం మామూలే, ఇది ఎవరు నమ్మారు గనక అని కొందరంటున్నారు. ఎవరూ నమ్మరని తెలిస్తే ఆ మాట ప్రకటనల్లో ఎందుకు వాడినట్టు?

నిజానికి మాట తప్పడానికి పదహారు నెలలు కూడా పట్టలేదు. రెండు వారాలకే, 2013 జనవరిలో, పీటర్ శరీరంలోని డాక్టర్ ఆక్టోపస్ హీరోగా ‘సుపీరియర్ స్పైడర్‌మ్యాన్’ అనే కొత్త పత్రిక ఒకటో సంచిక వచ్చింది. అందులో చివరి పేజీల్లోనే పీటర్ ఆత్మ కనిపించి, మళ్లీ వస్తానంది. అంటే ‘ఆఖరిది’ అని అమ్ముతున్నప్పుడే తర్వాతి అడుగు సిద్ధంగా ఉంది. 2013 డిసెంబర్‌లో ఇంకో పని చేశారు. 700.1, 700.2 అంటూ 700.5 దాకా దశాంశ సంఖ్యలతో అయిదు సంచికలు దించారు. ఆఖరి అంకె తర్వాత చుక్క పెట్టి మరీ అమ్మారు! ఈ పత్రికకు ఇది కొత్త కూడా కాదు. 1998లో 441వ సంచికతో ఆపి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. 2003లో 500 అనే గుండ్రటి అంకె కావలసి వచ్చేసరికి పాత లెక్క గుర్తొచ్చింది. అవసరమైతే చరిత్ర, అవసరం తీరితే ఒకటో నంబరు.

పోటీ సంస్థ డీసీ తక్కువ తిన్నదేం కాదు. 1938 నుంచి నడిచిన సూపర్‌మ్యాన్ పత్రిక ‘యాక్షన్ కామిక్స్’ను 2011లో 904వ సంచికతో ఆపి, ఆ వెంటనే అదే పేరుతో ఒకటో సంచిక తెచ్చింది. అంతకుముందు 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపి, ఆ సంచికను నల్ల సంచిలో పెట్టి, సంతాప సూచకంగా చేతికి కట్టుకునే నల్ల పట్టీతో సహా అమ్మింది. రేపు ఎక్కువ ధరకు అమ్మితే పిల్లల చదువుకు పనికొస్తుందని సంచి విప్పకుండా దాచుకున్నవాళ్లున్నారు. మరుసటి ఏడే సూపర్‌మ్యాన్ లేచి వచ్చాడు. లక్షల్లో అచ్చయిన కాపీకి విలువ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రోజుల్లో ఇలా ఊదిన బుడగ పగిలి ఎన్నో కామిక్ దుకాణాలు మూతపడ్డాయి. మార్వెల్ 1996 డిసెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ దెబ్బ స్వయంగా తిన్న సంస్థ మళ్లీ అదే దారి పట్టడమే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది.

ఇందులో నలిగిపోయేది దుకాణదారుడు. అమెరికాలో కామిక్ షాపులవాళ్లు సంచిక రావడానికి వారాల ముందే ఆర్డర్ పెట్టాలి. మిగిలిన కాపీలను సాధారణంగా వెనక్కి తీసుకోరు. ‘ఆఖరిది’ అంటే పది ఎక్కువ తెప్పించుకుంటాడు. అమ్ముడుపోకపోతే నష్టం అతనిది. పబ్లిషర్‌కు డబ్బు ఎప్పుడో ముట్టింది. పాఠకుడు ఈసారి నమ్మకపోతే వచ్చేసారి నిజంగా ఆగిపోయే పత్రికను కూడా నమ్మడు. అప్పుడు పోయేదీ ఆ షాపే.

మన దగ్గర వారపత్రికలో సీరియల్ చివర ‘సమాప్తం’ అని పడితే, వచ్చేవారం దాని కోసం ఎవరూ పుస్తకాల షాపుకెళ్లరు. అంత చిన్న నమ్మకమది. తెలుగులోకి డబ్ అయిన సినిమాలతో స్పైడర్‌మ్యాన్‌ను సొంతం చేసుకున్న మన పిల్లలకైనా, న్యూయార్క్‌లో కామిక్ కొనుక్కునే పిల్లలకైనా ఆ పాటి నమ్మకం దక్కాలి. శక్తి ఉన్నవాడికి బాధ్యత ఉండాలని యాభై ఏళ్లుగా ఈ హీరో చేత చెప్పించిన సంస్థ, తన మాటకు తాను బాధ్యత పడదా? 2014 మే నెలలో కొత్త స్పైడర్‌మ్యాన్ సినిమా రాబోతుంటే, సరిగ్గా దానికి ముందు నెలలో పీటర్‌ను లేపడం కథ కోరిందని మమ్మల్ని నమ్మమంటారా?

మార్వెల్ పెద్దలు ఇకనైనా ‘ఆఖరి సంచిక’ అన్న మాట వాడటం మానాలి. వాడితే ఆ పత్రికను నిజంగా ఆపాలి. రెండూ చేతకాకపోతే, దుకాణాల్లో మిగిలిపోయిన 700వ సంచికలను వెనక్కి తీసుకుని ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలి. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లు పెట్టి కొన్న సంస్థకు అది పెద్ద మొత్తమేమీ కాదు.