బాల్కనీలో వేలాడుతున్న రికవరీ డిస్కు గారికి

మహారాజశ్రీ రికవరీ డిస్కు గారి సముఖానికి, చిక్కడపల్లి నుంచి నమస్కరించి రాయునది. మేమంతా క్షేమం. మీరు కూడా మా బట్టలారేసే తీగ మీద క్షేమమని తలుస్తాను.

2008లో లైనక్స్ నెట్‌బుక్ (విండోస్ బదులు లైనక్స్‌తో నడిచే బుల్లి ల్యాప్‌టాప్) కొన్నప్పుడు, అది మొరాయిస్తే మళ్ళీ మొదటి స్థితికి తేవడానికని తెల్ల కవరులో దాంతోపాటే దయచేశారు. జాగ్రత్తగా దాచుకోమన్నారు, దాచుకున్నాం. బీరువాలో, గ్యాస్ పుస్తకం పక్కన, ఇన్నేళ్ళూ. మీరు డీవీడీ అనీ, ఆ నెట్‌బుక్కుకి డీవీడీ డ్రైవే లేదనీ మొన్న అది మొరాయించాక గానీ తట్టలేదు. ఉగ్గుగిన్నె ఇచ్చి బిడ్డకి నోరు పెట్టడం మరిచారన్నమాట.

సరే, మిమ్మల్ని పంచె చెంగుతో తుడిచి కింది ఫ్లాట్ అంకుల్ డెస్క్‌టాప్‌లో పెట్టాను. గుర్రుగుర్రుమని తిరిగి రెండే దారులు చూపించారు: ఈ కంప్యూటర్‌నే మొదటి స్థితికి తేవడం, లేదా యూఎస్‌బీ తయారు చేయడం. మొదటిది నొక్కితే అంకుల్ ట్యాలీ లెక్కలన్నీ గోవిందా. ఆయన కుర్చీ వెనకాల నిలబడి "బాబూ, ఏం పోదు కదా?" అని మూడుసార్లు అడిగారు. బాణం మీట మీద నా వేలు వణికింది. ఇంత ప్రమాదాన్ని ఒక్క వరుస తేడాలోనే పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంట్లో ఉప్పూ పంచదారా ఒకే డబ్బాలో ఉంటాయి.

మధ్యలో పెన్‌డ్రైవ్ గొడవొకటి. కోఠి ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన 64 జీబీ సరుకుని ఎఫ్‌3 అనే ప్రోగ్రాంతో పరీక్షిస్తే లోపల నిజంగా ఉన్నది 8 జీబీ లోపే. మిగతాదంతా పైన రాసిన అంకే. అంతకు మించి ఏం రాసినా గల్లంతే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకి వెళ్ళి ఇంకోటి కొని, మీరు చూపిన రెండో దారిలో దాన్ని తయారు చేశాను. నెట్‌బుక్ ఆన్ చేస్తూ ఎఫ్‌12 మీట నొక్కితే దాని నుంచి బూట్ (మొదలు) అవుతుందట. కానీ ఎఫ్‌12 పనిచేయాలంటే ముందు ఎఫ్‌2 నొక్కి సెట్టింగుల్లోకి వెళ్ళి అనుమతి తెచ్చుకోవాలట. అనుమతి అడగడానికి అనుమతి. మనకి అలవాటే కదా.

ఎట్టకేలకు నెట్‌బుక్ లేచింది. అచ్చం 2008లో ఎలా ఉందో అలాగే. మాట నిలబెట్టుకున్నారు, కాదనను. బటన్ సెల్ చచ్చిపోయి గడియారం కూడా ఆ కాలంలోనే ఆగింది. తేదీ సరిచేసినా బ్రౌజర్‌లో ఒక్క బ్యాంకు సైటూ తెరుచుకోదు. పాత టీఎల్‌ఎస్‌తో (సైటుతో గుట్టుగా మాట్లాడే పద్ధతి) మాట్లాడే వాళ్ళని ఇప్పుడు గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

చివరికి అదే పెన్‌డ్రైవ్ మీదకి డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్ ఎక్కించి, దాన్నుంచి నెట్‌బుక్కులో వేశాను. నెట్‌బుక్కులోని ఆటమ్ ప్రాసెసర్ పాత 32 బిట్ రకం, డెబియన్ 13లో దానికి ఇన్‌స్టాలరే తీసేశారు. పెన్‌డ్రైవ్ మీదకి రాసే డీడీ కమాండ్‌లో దాని పేరు ఎస్‌డీబీ బదులు, అంకుల్ హార్డ్‌డిస్కు పేరు ఎస్‌డీఏ అని కొట్టబోయి ఆగాను. అంకుల్ వెనకాల ఉన్నారు కాబట్టి బతికిపోయాం. కొంచెం నెమ్మదే గానీ, అమ్మ అందులో పంచాంగం చూసుకుంటోంది.

ఇక మీ సంగతి. పావురాలు మెరుపుకి బెదురుతాయని మా ఆవిడ మిమ్మల్ని దారం కట్టి బాల్కనీలో వేలాడదీసింది. ఇందాకే చూశాను, ఒకటి వచ్చి మీ పక్కనే తీగ మీద వాలింది. మీలో మొహం చూసుకుంటూ ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది.

ఇట్లు,
మీ వినియోగదారుడు