వీడియో షాపు బాబాయికి బహిరంగ క్షమాపణ

ముప్పై ఏళ్ల కిందట విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అమాయకుడికి అన్యాయం జరిగింది. చేసింది మేమే. చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆ పాపం నేనే రాసి పెడుతున్నాను.

కేసు వివరాలివి. ఎండాకాలం సెలవుల్లో ఏడుగురం చందాలేసుకుని, ఒక రాత్రికి వీసీపీ (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టె), మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చుకున్నాం. వాటిలో ఒకటి ‘ఈవిల్ డెడ్ 2’ అనే అమెరికా దెయ్యాల సినిమా. అందులో రక్తం ఒకచోట నల్లగా, ఇంకోచోట ఆకుపచ్చగా వచ్చింది. వీసీపీలో టేపును చదివే హెడ్ తుడిచాం. టీవీ నెత్తిన రెండు మొట్టాం. అయినా పచ్చగానే ఉంది. పక్కన గుంటూరు మిర్చి యార్డు పెట్టుకుని బతికేవాళ్లం, ఎరుపు విషయంలో రాజీ పడతామా? తెల్లారగానే వెళ్లి క్యాసెట్టు కౌంటర్ మీద పడేసి, గోరింటాకు ముద్దను రక్తమని అంటగట్టినందుకు అద్దెలో రెండు రూపాయలు కోసేశాం. ‘సినిమాయే అంతరా’ అన్నాడు బాబాయ్. దొరికిపోయినవాడు ఇంకేమంటాడులే అనుకున్నాం.

మొన్న మా మేనల్లుడు అదే సినిమా 4కే డిస్కు తెచ్చాడు. గోడంత టీవీలో వేశాడు. రక్తం ఆకుపచ్చగానే ఉంది! పైగా ఇప్పుడు గోంగూర ఆకంత నిగనిగలాడుతోంది.

విషయం ఏమిటంటే, 1987లో దర్శకుడు సామ్ రైమీ కావాలనే అలా రంగులు మార్చాడు. రక్తం మరీ ఎర్రగా పారితే అమెరికా రేటింగు బోర్డు వాళ్లు పెద్దలకు మాత్రమే అనే ‘ఎక్స్’ ముద్ర కొడతారని భయం. ఇంత చేసినా చివరికి ఏ రేటింగూ లేకుండానే విడుదలైంది. అంటే అక్కడెక్కడో అమెరికాలో బోర్డును బురిడీ కొట్టించడానికి వేసిన ఎత్తుకి ఇక్కడ మా బాబాయ్ జరిమానా కట్టాడన్నమాట.

రెండో తప్పు మా అమ్మమ్మ విషయంలో చేశాం. హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ చేతికి దెయ్యం పట్టి, ఆ చెయ్యే పళ్లేలు తీసి అతని నెత్తిన పగలగొడుతుంటే మేం దుప్పట్లో దూరాం. గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మ మాత్రం పడీ పడీ నవ్వింది. పెద్దావిడకి మతి తప్పిందని మాలో మేం గుసగుసలాడుకున్నాం. అది కామెడీ సినిమా అని ఆ రాత్రి అర్థమైంది, ఇంగ్లీషు ముక్క రాని ఆవిడొక్కదానికే.

తర్వాత అతను ఆ చెయ్యిని మర రంపంతో కోసి, బకెట్ కింద మూసి, పైన పుస్తకాల బరువు పెడతాడు. క్యాసెట్‌లో అవి మాకు ఇటుకల్లా కనిపించాయి. ఇప్పుడు పై పుస్తకం పేరు చదవొచ్చు: హెమింగ్వే రాసిన ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’. ఆర్మ్స్ అంటే ఆయుధాలూ, చేతులూ కూడా. ఒక జోకు మా ఇంటికి చేరడానికి ముప్పై ఏళ్లు పట్టింది. పాసింజరు బండి కూడా ఇంత లేటుగా రాదు.

అయితే కొత్త డిస్కు కోసం బొమ్మను ఇలా శుభ్రం చేయడంలో నాకో అభ్యంతరం ఉంది. నేలమాళిగలోంచి వచ్చే ముసలి దెయ్యం ఉంది చూశారూ, రబ్బరు తొడుగులో ఉన్నది దర్శకుడి తమ్ముడు టెడ్ రైమీ. అది గాల్లో గిర్రున తిరిగేటప్పుడు దాని చెవిలోంచి ధార కారుతుంది. దెయ్యపు రసం కాదు, పాపం ఆ కుర్రాడి చెమట. క్యాసెట్ రోజుల్లో గీతలూ చుక్కలూ దాని పరువు కాపాడేవి. ఇప్పుడు రోహిణి కార్తెలో బీసెంట్ రోడ్డులో నిలబడ్డ మనిషిలా కారిపోతుంటే భయమెక్కడ? నాకైతే లేచి ఫ్యాను దాని వైపు తిప్పాలనిపించింది.

సరే, క్షమాపణ సంగతి. షాపు ఇప్పుడు కర్రీ పాయింట్ అయింది. బాబాయ్ గల్లా దగ్గరే ఉన్నాడు. డిస్కు సంగతి, పచ్చ రక్తం సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, ఫోన్‌తో స్కాన్ చేసి రెండు రూపాయలు పంపాను. ‘రెండు రూపాయలు అందాయి’ అని డబ్బా బజారంతా వినిపించేలా ప్రకటించింది.

బాబాయ్ దొండకాయ వేపుడు పొట్లం కడుతూ తలెత్తాడు.

“రక్తం సంగతి సరేలే అబ్బాయ్. మూడు క్యాసెట్లూ రీవైండ్ చేయకుండా పడేసిపోయారు. అర్ధరూపాయి చొప్పున రూపాయిన్నర. అదెప్పుడిస్తావ్?”