కండకి ఎంత ప్రోటీన్? బావా బామ్మర్దుల వాదోపవాదం

జిమ్‌లో చేరిన వారం తిరక్కముందే ఎవరో ఒకరు చెప్తారు, ఒంటి బరువు ఎన్ని కేజీలో దానికి రెండింతలు గ్రాముల ప్రోటీన్ తినాలి అని. ఇంటికొస్తే పెద్దోళ్ళు అంత తింటే కిడ్నీలు పోతాయిరా అంటారు. ఈ రెండు మాటల మధ్య కుర్రాళ్ళు డబ్బులూ పోగొట్టుకుంటున్నారు, భయమూ పెట్టుకుంటున్నారు. అందుకే ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. రవి వైజాగ్‌లో జిమ్ ట్రైనర్, 70 కేజీలుంటాడు. వాళ్ళ బావ సత్యం కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట వైపు ల్యాబ్ టెక్నీషియన్. మనుషులు కల్పితం, లెక్కలు మాత్రం అసలువే.

రవి: బావా, సూటిగా చెప్తున్నా. కండ పెరగాలంటే కేజీకి రెండు గ్రాములు, కుదిరితే 2.2. నా బరువుకి రోజుకి 154 గ్రాములు. మా జిమ్‌లోనే కాదు ఎక్కడికెళ్ళినా ఇదే లెక్క.

సత్యం: ఆ 2.2 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావా ఎప్పుడైనా? అమెరికావోళ్ళు బరువు పౌండ్లలో చూసుకుంటారు, పౌండుకి ఒక గ్రాము అనుకుంటే గుర్తుపెట్టుకోడానికి తేలిగ్గా ఉంటుందని జిమ్ముల్లో అది పాకిపోయింది, దాన్ని మనం కేజీల్లోకి మార్చేసరికి 2.2 అయింది. అంతేగానీ ఎవరూ కొలిచి తేల్చింది కాదు. కొలిచిన లెక్క వేరే ఉంది. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 49 ప్రయోగాలు, 1863 మంది, అన్నీ కలిపి చూస్తే కేజీకి 1.6 దాటాక ఎంత తిన్నా కండ అదనంగా పెరగలేదు. హైదరాబాద్‌ తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో అదే 1.6 గీత గీసింది.

రవి: ఆ పేపర్ నేనూ చదివాను బావా, నువ్వు సగమే చెప్పావు. 1.6 అనేది మధ్యలో అంకె. అసలు గీత 1.03 నుంచి 2.2 వరకు ఎక్కడైనా ఉండొచ్చని అందులోనే ఉంది. గట్టిగా పెంచాలనుకునేవాళ్ళు 2.2 పెట్టుకుంటే మంచిదని రాసినోళ్ళే అన్నారు కూడా. మరి నేను ఆ పై కొసలో మనిషినైతే? తక్కువ తిని నష్టపోవడం కంటే కొంచెం ఎక్కువ తినడం నయం కదా.

సత్యం: సరే, పై కొసలో నువ్వుంటే కింది కొసలో కూడా ఎవరో ఉంటారు కదరా, 1.03కే సరిపోయేవాడు. వాడికెవరూ చెప్పరే? ఇంకో మాట, ఆ ప్రయోగాల్లో ప్రోటీన్ అదనంగా ఇచ్చినోళ్ళకీ ఇవ్వనోళ్ళకీ మధ్య తేడా ఎంతనుకున్నావు, సగటున 300 గ్రాముల కండ. కేజీలు కాదు, గ్రాములు. మిగతాదంతా బరువులెత్తడం వల్ల వచ్చిందే. పోనీ ఇలా చూడు. కండలో నాలుగింట మూడొంతులు నీళ్ళే. కేజీ కండలో ప్రోటీన్ సుమారు 200 గ్రాములు. కొత్తగా చేరినోడు నెలకి ఒక కేజీ అసలు కండ పెంచాడనుకుందాం, అది చాలా పెద్ద మాట. 200ని 30 రోజులకి పంచితే రోజుకి ఏడు గ్రాముల లోపే. ఒక గుడ్డులో ఉన్నంత.

రవి: లెక్క బానే ఉంది గానీ ఒళ్ళు అలా పనిచెయ్యదు బావా. తిన్న ప్రోటీన్ మొత్తం తిన్నగా వెళ్ళి భుజంలో కూర్చోదు. ఉన్న కండ రోజూ కొంత విరుగుతుంది, రోజూ కొంత కట్టుకుంటుంది, స్క్వాట్స్ చేసిన రోజు ఆ విరగడం కట్టడం రెండూ పెరుగుతాయి, కొంత ప్రోటీన్ కాలిపోయి ఎనర్జీకి పోతుంది, అందులో నత్రజని యూరియాగా బయటికి పోతుంది. ఆ ఏడు గ్రాములు మిగలాలంటే చాలా ఎక్కువ లోపలికి పోవాలి. ఏ పనీ లేకుండా కూర్చునేవాడికే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో కేజీకి 0.83 గ్రాములు రాసింది, అంటే 70 కేజీల మనిషికి 58. మరి బరువులెత్తేవాడికి?

సత్యం: 58 చాలదు, ఒప్పుకుంటాను. ఆ అంకె జబ్బు లేకుండా బతకడానికి, కండ పెంచడానికి కాదు. నా గొడవ 58 కాదు, 154. ఈ మధ్యలో ఉన్న 1.4, 1.6 దగ్గర ఆగమంటున్నా. నీకు 98 నుంచి 112 గ్రాములు. అది మన వంటింట్లోంచే వస్తుంది.

రవి: మన వంటింట్లోనా? బావా, మన పళ్ళెంలో ఉన్నది అన్నం.

ఈ మాట దగ్గర రవి పక్షమే నాది. మన ఇళ్ళల్లో పప్పు రోజూ ఉంటుంది కాబట్టి ప్రోటీన్‌కి లోటు లేదనుకుంటాం. నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు వేస్తారు, 200 గ్రాములనుకుందాం. పొడి కందిపప్పు వంద గ్రాములకి 22 గ్రాముల ప్రోటీన్. అంటే మొత్తం 44, మనిషికి 11. అదీ పప్పు గట్టిగా ఉండి అందరూ సమానంగా వేసుకుంటే. చారులో, సాంబారులో అయితే ఆ పప్పు ఇంకా పల్చబడిపోతుంది. పైగా పప్పుచారు పోసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంటే కడుపు నిండిపోతుంది, ప్రోటీన్ తిన్నామన్న తృప్తి కూడా వచ్చేస్తుంది, అసలు ఇబ్బంది అక్కడే.

సత్యం: అందుకే కాగితం మీద రాద్దాం పట్టు. పొద్దున్న నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ, సాంబారు, కలిపి ఒక 12 గ్రాములు. దానికి రెండు ఉడికించిన గుడ్లు, ఇంకో 12. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నంలో 11, గట్టి పప్పు 11, పెరుగు కప్పు 5. సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, 7. రాత్రి అన్నం తగ్గించి 150 గ్రాముల ఎముక లేని చికెన్, అన్నంతో కలిపి ఒక 40. పడుకునేముందు గ్లాసు పాలు 8. కూడు.

రవి: ...106.

సత్యం: కేజీకి 1.5. ప్రోటీన్ పౌడర్ డబ్బా మూత తియ్యకుండా.

రవి: సరే, ఇది ఆదివారం లెక్క బావా. సోమవారం అమ్మ గుడ్డు కూడా ముట్టనివ్వదు, శనివారం అంతే, కార్తీక మాసం వస్తే నెలంతా అంతే. నా దగ్గరికొచ్చేవాళ్ళల్లో సగం మంది హాస్టల్ కుర్రాళ్ళు, వాళ్ళకి వారానికి రెండుసార్లు ఇచ్చే చికెన్ కూరలో ముక్క కంటే గ్రేవీ ఎక్కువ. వాళ్ళకి ఒక స్కూప్ వే ప్రోటీన్, అదే పాల నుంచి తీసే పౌడర్, అంటే 24 గ్రాములు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అది తప్పెలా అవుతుంది?

సత్యం: తప్పని నేననను, తప్పనిసరి అంటే ఒప్పుకోను. కార్తీకంలో మీల్ మేకర్, అదే సోయా ముక్కలు, వండుకో. పొడిగా 50 గ్రాములు తూచి నానబెడితే 26 గ్రాముల ప్రోటీన్, ఖర్చు పది రూపాయలు అటూ ఇటూ. మీ డబ్బా కేజీ రెండున్నర వేలనుకో, ముప్పై స్కూపులు, స్కూపుకి ఎనభై పైమాటే.

రవి: సోయా తింటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గుతుందని సగం మంది భయపడతారు.

సత్యం: ఆ భయం పోగొట్టాల్సింది నువ్వే కదరా, ట్రైనర్‌వి. పరిశోధనలన్నీ కలిపి చూస్తే మగాళ్ళల్లో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు తేలలేదు. 2021లో బ్రెజిల్‌లో ఒక ప్రయోగం చేశారు, మాంసం తినేవాళ్ళు కొందరు, పూర్తిగా శాకాహారులు కొందరు, ఇద్దరికీ కేజీకి 1.6 వచ్చేలా చూసి 12 వారాలు కాళ్ళ వ్యాయామం చేయించారు. ఇద్దరికీ కండ ఒకేలా పెరిగింది.

రవి: 1.6 అందితే అన్నమాట. అందకపోతే మాత్రం పప్పు వేరు గుడ్డు వేరు బావా, అది మర్చిపోకు. ప్రోటీన్ అమైనో ఆసిడ్లతో తయారవుతుంది, వాటిల్లో మిథియోనిన్ పప్పులో తక్కువ, లైసిన్ బియ్యంలో తక్కువ.

సత్యం: అందుకేగా రెండూ కలిపి తింటున్నాం తరతరాలుగా. పెసరట్టు ఉప్మా కూడా అదే. సరే డబ్బా సంగతి ముగించు. 2024లో మన దేశంలో అమ్మే 36 రకాల పౌడర్లు డాక్టర్లు పరీక్ష చేయించారు, దాదాపు 70 శాతం వాటిల్లో లేబుల్ మీద రాసినదీ లోపల ఉన్నదీ ఒకటి కాదు. కొన్నిట్లో బూజు వల్ల వచ్చే విషం, అఫ్లాటాక్సిన్, కూడా దొరికింది. ప్రోటీన్‌ని నత్రజని కొలిచి లెక్కేస్తారు కాబట్టి నత్రజని ఉండి చవకగా దొరికే గ్లైసిన్ లాంటివి కలిపేసి అంకె పెంచి చూపించేవాళ్ళు ఉన్నారు. మీ కుర్రాళ్ళకి ఏ డబ్బా ఇప్పిస్తున్నావో, బయట ల్యాబ్‌లో పరీక్ష చేసిన రిపోర్ట్ ఉందో లేదో అడిగి ఇప్పించు, కౌంటర్ మీద చవగ్గా ఉంది కదా అని కాదు.

రవి: ఈ మాట కాదనను. లూజ్‌గా కవర్లో పోసి అమ్మేది నేనెప్పుడూ ఎవర్నీ కొననివ్వలేదు.

సత్యం: ఇంకో సంగతి, వర్కవుట్ అయిన అరగంటలో తాగకపోతే వేస్ట్ అని, ఒక్కసారికి 30 గ్రాముల కంటే ఒంటికి పట్టదని చెప్తుంటావు. 2023లో ఒకేసారి వంద గ్రాములు తాగించి చూశారు. 25 గ్రాములు తాగినోళ్ళ కంటే ఎక్కువ కండ కట్టుకుంది, పన్నెండు గంటల పాటు కట్టుకుంటూనే ఉంది. కుర్రాళ్ళు గడియారం చూసుకుని పరిగెత్తక్కర్లేదు.

రవి: అది ఒక్క ప్రయోగం బావా. నేను మాత్రం మూడు నాలుగు పూటలకి పంచుకోమనే చెప్తా. సైన్స్ ఒకెత్తు, ఇంకోటి ఏంటంటే పొద్దున్న ఇడ్లీతో 12 దగ్గర ఆగినవాడు రాత్రికి వంద గ్రాములు తినలేడు, మర్నాడు మానేస్తాడు.

సత్యం: ఇది బావుంది. ఇలా చెప్పు, అరగంట అని భయపెట్టకు. ఇప్పుడు కిడ్నీల సంగతి.

రవి: వచ్చావా అక్కడికి! ఆరోగ్యంగా ఉన్న కిడ్నీల్ని ఎక్కువ ప్రోటీన్ పాడుచేసినట్టు ప్రయోగాల్లో ఎక్కడా తేలలేదు బావా. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్ళు ఎవరూ వే ప్రోటీన్ తాగి పోగొట్టుకోలేదు.

సత్యం: నిజమే. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసుకునేవాళ్ళు, ప్రోటీన్ ఎక్కువై జబ్బు పడ్డవాళ్ళు కాదు. ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనలకీ పూర్తిగా తేలలేదు. నేను చెప్పేది ఏటంటే, నువ్వు ‘ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ’ అన్నావు కదా, ఎవడి కిడ్నీ ఆరోగ్యంగా ఉందో ఎలా తెలుసు నీకు? షుగర్ లేదు, బీపీ లేదు, ఒంట్లో ఏ నొప్పీ లేదు, మనిషి నడుచుకుంటూ వస్తాడు, రక్తంలో క్రియాటినిన్, అదే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, చూస్తే మామూలుకంటే బాగా ఎక్కువ, నాలుగు దాటుంటుంది. కవిటి, కంచిలి, పలాస, మందస, ఈ వైపు నుంచి వైజాగ్ వచ్చి చదువుకునే కుర్రాళ్ళు ఎంతమంది నీ జిమ్‌కి వస్తున్నారో ఒకసారి ఆలోచించు. కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే ప్రోటీన్ తగ్గించమంటాడు డాక్టరు, నువ్వు రెండింతలు తాగిస్తావు.

రవి: ...జాయిన్ అయ్యేటప్పుడు మేం ఎత్తు, బరువు రాసుకుంటాం. అంతే.

సత్యం: ఇకనుంచి సీరం (రక్తంలో) క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో, ఆ పరీక్షలు కూడా అడుగు. పెద్ద ఖర్చేం కాదు. కండ బాగా ఉన్నోడికీ, క్రియాటిన్ అనే జిమ్ సప్లిమెంట్ వాడేవాడికీ క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, దానికే కంగారు పడిపోకుండా డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి.

నా అభిప్రాయం అడిగితే ఈ మొత్తం వాదనలో అన్నిటికంటే విలువైన మాట ఇదే. 1.6 తినాలా 2 తినాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ఆ తేడా 300 గ్రాముల కండలో ఒక ముక్క. ఈ పరీక్ష మాత్రం ముందు జరగాలి, ముఖ్యంగా మన శ్రీకాకుళం కుర్రాళ్ళకి.

రవి: చేయిస్తాను బావా. కానీ ఒక్క చోట నా 2 నేను వదలను. కొవ్వు తగ్గించేటప్పుడు, తిండి బాగా కోసేసినప్పుడు. 2016లో 40 మంది కుర్రాళ్ళకి కావాల్సిన కేలరీల్లో 40 శాతం కోసేసి నాలుగు వారాలు గట్టిగా వర్కవుట్ చేయించారు. కేజీకి 1.2 తిన్నవాళ్ళకి కండ ఉన్నది ఉన్నట్టు నిలబడింది, 2.4 తిన్నవాళ్ళకి కొవ్వు ఎక్కువ తగ్గడమే కాకుండా కండ 1.2 కేజీలు పెరిగింది. పెళ్ళి ముందు పది కేజీలు తగ్గాలని వచ్చేవాడికి నేను 1.6 చెప్పను.

సత్యం: అలా కోసుకునేటప్పుడు ఎక్కువ పెట్టు, నాకు అభ్యంతరం లేదు. కానీ వాడు వంద కేజీలుంటే 240 గ్రాములు పెట్టకు, వాడు చేరాలనుకున్న బరువుకి లెక్కెయ్. కొవ్వుకి ప్రోటీన్ తినిపించక్కర్లేదు.

రవి: అది ఒప్పుకుంటా. మరి మీ ఇంటి సంగతి ఏంటి బావా? నాన్న నీ దగ్గరే ఉంటున్నాడు కదా, 66 ఏళ్ళు, 60 కేజీలు. రాత్రి ఏం తింటాడు?

సత్యం: మావయ్యగారా? చారన్నం, మజ్జిగ. ఆయనకి అదే ఇష్టం.

రవి: చూశావా. నా 154 తగ్గించమని ఇంతసేపు కొట్లాడావు, ఆయన రోజంతా తిన్నా 40 దాటుతుందా? వయసైపోతే ఒళ్ళు ప్రోటీన్‌కి సరిగ్గా స్పందించదు, కుర్రాళ్ళకంటే ఎక్కువ కావాలి. 65 దాటినవాళ్ళకి కేజీకి 1 నుంచి 1.2 అని 2013లోనే నిపుణులు చెప్పారు. అంటే ఆయనకి 60 నుంచి 72. మొన్న మెట్లెక్కుతుంటే రెయిలింగ్ పట్టుకుని ఆగాడు, నేను చూశాను. ఆ కాళ్ళల్లో కండ పోతోంది బావా.

సత్యం: ...అది నిజమే. మీ అక్కకి చెప్తాను, పొద్దున్న రెండు గుడ్లు, రాత్రి చారు బదులు పప్పు, పెరుగు గట్టిగా.

రవి: ఉద్దానంలోనే పుట్టి పెరిగిన మనిషి. ముందు క్రియాటినిన్.

సత్యం: ముందు క్రియాటినిన్. నువ్వు శనివారం వస్తున్నావుగా, మీ ఇద్దరిదీ ఒకేసారి తీస్తాను. పరగడుపున ఉండక్కర్లేదు గానీ ముందురోజు రాత్రి మాంసం మానెయ్, జిమ్ కూడా మానెయ్, లేకపోతే నీది ఎక్కువ చూపిస్తుంది.