కొట్టాం ఫొటో తీయబోతే బేరం తగులుకుంది

మా బావగారు కెమెరా కొన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ ఆదివారం నిద్ర లేదు. కొన్నాక పెళ్లిళ్లకో పుట్టినరోజులకో వాడొచ్చు కదా, అబ్బే, ఆయనకి మనుషులు పనికిరారు. సముద్రం కావాలి, లేదంటే రేపో మాపో కూలిపోయే కట్టడం కావాలి. చెన్నైకి దక్షిణాన కల్పాక్కం పక్కన సద్రాస్‌లో డచ్చివాళ్ల కోట ఉంది, శిథిలమే గానీ లోపల పాత ధాన్యం గోదాములు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి ముందు ఆయన నిలబడినంత భక్తిగా ఏ గుళ్లోనూ నిలబడగా నేను చూడలేదు.

సముద్రం సంగతి ఇంకో రకం. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, గోవావాళ్లలా సాయంత్రం తీరిగ్గా వెళ్తామంటే కుదరదు, చీకట్లోనే సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కాలి. డ్రైవింగ్ ఎలాగూ నాదే. ఆ రోజు అక్క ఉక్కపోతంటూ ఏసీ 18లో పెట్టింది. కోవళం దగ్గర దిగి బావగారు కెమెరా బయటికి తీశారో లేదో, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు లెన్సు నిండా చెమ్మ. అక్కడ సూర్యుడు సగం లేచాడు. "ఇటివ్వరా" అని అత్తయ్య కొంగుతో తుడిచేసింది. పొద్దున్నే తలకి రాసుకున్న కొబ్బరినూనెలో కొంత ఆ కొంగుకీ, కొంగులోంచి లెన్సుకీ చేరింది. కెమెరాని సంచిలోనే ఉంచి, బయటి వేడికి కాసేపు అలవాటు పడనిచ్చాకే తీయాలని బావగారు అందరికీ వివరించారు, సూర్యుడు పూర్తిగా పైకొచ్చేశాక.

ఆ ఉక్రోషంలో మహాబలిపురం దాటాక ఏదో సందులోకి తిప్పించారు. అక్కడ దొరికింది ఆయనకి కావలసింది: తాటి దూలాల పెంకుటి కొట్టాం, సగం పెంకులు జారిపోయి, లోపల ఓ విరిగిన బండి చక్రం, దాని మీద కూర్చున్న కోడి. స్టాండు వేసి, ఒక కన్ను మూసి గురిచూస్తుంటే లుంగీ ఎగగట్టుకుంటూ ఓ పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలకొచ్చారనుకున్నాడు పాపం. బావగారి తమిళం ఆటో బేరానికి మించదు, ఏమడిగినా "ఆమా ఆమా" అంటున్నారు. నేను కలగజేసుకుని గవర్నమెంటు కాదు, సొంతంగానే వచ్చాం అన్నాను. అంతే, ఆయన మొహం విప్పారింది. అయితే కొనడానికే వచ్చారన్నమాట!

మజ్జిగ వచ్చింది, కుర్చీలు వచ్చాయి, ఎక్కడినుంచో బైకు మీద ఒక బ్రోకరూ వచ్చాడు. ఎన్ని గ్రౌండ్లు కావాలంటాడు. గ్రౌండంటే ఇక్కడ 2400 చదరపు అడుగులు. మాకు కావలసింది ఒక్క ఫొటో. ఇంతలో పెద్దాయన తమ్ముడు ఊడిపడి, నాకు చెప్పకుండా కొట్టాం ఎలా అమ్ముతావని అన్న మీదికి లేచాడు. మా బావగారు మాత్రం, వెలుగు పోతోంది, వాళ్లిద్దర్నీ కాస్త పక్కకి జరగమనవోయ్ అని నాకు చెబుతున్నారు.

ఇక బయల్దేరదాం అంటే అత్తయ్య కనబడదే! కొట్టాం వెనక నిలబడి బ్రోకర్ని అడుగుతోంది, ఇది తూర్పు ముఖమేనా, బావి నీళ్లు ఉప్పా తీపా అని. ఫోన్ నంబరు కూడా ఇచ్చేసింది. దారి పొడుగునా ఒకటే మాట: "నెల్లూరు స్థలం ఊరికే పడి ఉంది కదరా, అది అమ్మేసి ఇది తీసుకుందాం."

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, దస్తావేజుల జిరాక్సులు చూడటానికి. కెమెరా ఇంట్లోనే పెట్టి రమ్మని అత్తయ్య ఆజ్ఞ. అంత ముచ్చటపడి ఫొటోలు తీస్తుంటే ఎవడైనా రేటు పెంచడా అంటోంది.